మా అమ్మాయి మాటల్లేకుండా పాడుతోంది. ఈ మెరిడిత్ మంక్ ఎవరండీ?

పద్మారావునగర్_అమ్మ | మంగళవారం, రాత్రి 10:15

నమస్కారం. ఈ వేదికను చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. ఇక్కడ సంగీతం తెలిసినవాళ్లు ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నాను.

మా అమ్మాయికి 24 ఏళ్లు. ఏడో ఏట సరళీ స్వరాలు మొదలుపెట్టించాం. తర్వాత రాంకోఠి సంగీత కళాశాలకు సాయంత్రాలు నేనే బస్సులో తీసుకెళ్లి, తరగతి అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకునేదాన్ని. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆరు నెలలుగా కీర్తన ఊసే లేదు. తెల్లవారుజామున గది తలుపు వేసుకుని ఏవో శబ్దాలు చేస్తుంది. ఒకరోజు పిట్ట కూత, ఒకరోజు చంటిపిల్ల ఏడుపు, ఒకరోజు నూనె లేని తలుపు బందు. పై వాటావాళ్లు వచ్చి ‘ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా’ అని అడిగి వెళ్లారు. ఇదేమిటే అంటే ‘మెరిడిత్ మంక్ అమ్మా, అరవై ఏళ్లుగా ఇలాగే పాడుతోంది’ అంటుంది. మొన్న భోజనాల దగ్గర, ఉద్యోగం మానేసి ఇదే చేస్తానంది. వాళ్ల నాన్న పెరుగన్నం సగంలో లేచిపోయారు.

నేను అడిగేది మూడే. ఆవిడ ఎవరు? దీనితో బతికిందా? గొంతు పాడవదా? దయచేసి వెక్కిరించకండి. నేనూ వర్ణాల దాకా నేర్చుకున్నదాన్నే. పెళ్లితో ఆగిపోయింది.

ఆబిడ్స్_ఆదివారం | మంగళవారం, రాత్రి 11:02

అమ్మగారూ, వెక్కిరించడమా? ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

చాలా ఏళ్ల క్రితం ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద, ఎంసెట్ గైడ్ల కట్ట కింద ఒక ఎల్పీ రికార్డు దొరికింది. అట్ట అంచు చెద తినేసింది. 60 రూపాయలన్నాడు, 40కి ఇచ్చాడు. ‘డాల్మెన్ మ్యూజిక్’, 1981, జర్మనీలోని ఈసీఎం అనే రికార్డుల సంస్థది. జాజ్ అనుకుని కొన్నాను. ఇంటికొచ్చి సూది పెడితే ముందు పియానో, ఉయ్యాల ఊపినట్టు అవే స్వరాలు మళ్లీ మళ్లీ. దాని మీద ఆడగొంతు. మాటలు లేవు. కాసేపు నింపాదిగా పాడి, ఉన్నట్టుండి ఆ గొంతు పైకి జారి చిట్లింది. రికార్డు మీద గీత ఉందనుకుని సూది ఎత్తి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే చిట్లింది. మూడోసారికి గాని తెలియలేదు, ఆవిడ కావాలనే అలా పాడుతోందని. ఆ పాట పేరు ‘గోతమ్ లలబై’. ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ తర్వాత దాన్ని తన కచేరీల్లో పాడింది.

ఇక ఆవిడ సంగతి. 1942 నవంబరు 20న న్యూయార్క్‌లో పుట్టింది. వాళ్లది పాటల ఇల్లే. ముత్తాత రష్యాలో యూదుల ప్రార్థనాలయంలో గాయకుడు, తాత మంద్రస్థాయి గాయకుడు. వాళ్లమ్మ రేడియోలో పాడేది. ఏమి పాడేదనుకున్నారు? సబ్బుల ప్రకటనలు. చిన్నపిల్లగా తల్లి వెంట స్టూడియోలకు వెళ్లి, మైకు ముందు గొంతు ఎలా పని చేస్తుందో చూస్తూ పెరిగింది. మీరు రాంకోఠి మెట్ల మీద కూర్చున్నారని చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది, తారుమారుగా.

ఇంకో విషయం. ఆవిడకు చిన్నప్పుడు చూపులో లోపం ఉండేది, రెండు కళ్లు ఒకే బొమ్మను కలిపి చూసేవి కావు. ఒళ్లు కుదురుగా కదలడానికని మూడో ఏట డాల్క్రోజ్ పద్ధతిలో చేర్పించారు. అంటే తాళాన్ని చేతులతో, కాళ్లతో, నడకతో నేర్చుకోవడం. గొంతు, ఒళ్లు వేరువేరు అనే ఆలోచన ఆవిడకు అప్పుడే పుట్టకుండా పోయిందని నా లెక్క. 1964లో సారా లారెన్స్ కళాశాలలో చదువు ముగించి న్యూయార్క్ వచ్చింది. నాట్యకారుల గుంపుతో తిరిగింది. ఆ రోజుల్లో గొంతు కసరత్తు చేస్తూ చేస్తూ ఉండగా, నాట్యానికి వెన్నెముక ఎలా వంగుతుందో గొంతూ అలా వంగగలదని తట్టింది. మగ, ఆడ, ముసలి, పసి, పిట్ట, యంత్రం, అన్నీ ఒకే గొంతులో ఉన్నాయని. మిగిలిన బతుకంతా ఆ ఒక్క గనిని తవ్వడమే.

మిగతాది రేపు రాస్తాను. మా ఆవిడ దీపం తీసేయమంటోంది.

మాదాపూర్_మధ్యమం | మంగళవారం, రాత్రి 11:40

ఇప్పుడే విన్నాను. మా కుక్క గది వదిలి బాల్కనీలోకి వెళ్లి కూర్చుంది. నేను మాత్రం మూడుసార్లు విన్నాను.

శ్రుతిపెట్టె | బుధవారం, ఉదయం 5:50

నేను 34 ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాడిని. ఉన్నమాట చెబితే కొందరికి కష్టంగా ఉంటుంది. శిశువు, పశువు, పాము కూడా గానరసం ఎరుగుతాయన్నారు పెద్దలు. పైన ఒకాయన కుక్క సాక్ష్యం చెప్పేసింది.

సాహిత్యం లేదు, రాగం లేదు, తాళం ఉందో లేదో అనుమానం. దీన్ని సాధన అంటే, మా వీధిలో గ్యాసు సిలిండర్లు దొర్లించే అబ్బాయి ఆస్థాన విద్వాంసుడు. అమ్మా, పిల్లను కూర్చోబెట్టి రోజూ అకార సాధన చేయించండి, మూడు నెలల్లో దారికొస్తుంది.

ఆబిడ్స్_ఆదివారం | బుధవారం, ఉదయం 8:20

మాస్టారూ, నమస్కారం. ఒక్క సందేహం. గంటసేపు రాగాలాపన చేసే విద్వాంసుడు ‘త ద రి న’ అంటాడే, దానికి అర్థమేమిటి? తిల్లానాలో ‘ధీం తన నన’కు? తానానికి ‘అనంతం, ఆనందం’ అని అర్థం చెబుతారు గానీ, పాడుతున్నప్పుడు చెవిన పడేది ‘తానం తనం’ మాత్రమే. సాహిత్యం లేకపోవడమే నేరమైతే మన కచేరీలో మంచి సగం శిక్షకు అర్హమే.

కొత్తదనమే నేరమైతే మన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి మీద ఎంత దుమారం రేగిందో మీకు నాకంటే బాగా తెలుసు. స రి మ ద, నాలుగే స్వరాలతో లవంగి. ఐదైనా లేకుండా రాగమేమిటన్నారు. ఇవాళ పిల్లలు పోటీల్లో పాడుతున్నారు.

శ్రుతిపెట్టె | బుధవారం, ఉదయం 9:05

పోలిక అతికినట్టుంది గానీ అతకలేదు. ‘త ద రి న’ వెనక రాగం అనే వ్యాకరణం ఉంది. తోడిలో గాంధారం ఎక్కడ నిలబడాలో, ఎక్కడ ఊగాలో నేను తప్పితే పక్కనున్న ఫిడేలు ఆయన కనుబొమ్మ లేస్తుంది. బాలమురళిగారు నాలుగు స్వరాలతో పాడినా ఆ నాలుగింటికీ కట్టుబడ్డారు. మీ ఆవిడ తప్పు పాడితే తప్పని ఎవరికి తెలుస్తుంది? అది చెప్పండి.

ఆబిడ్స్_ఆదివారం | బుధవారం, మధ్యాహ్నం 1:30

ఇదీ అసలు ప్రశ్న, మాస్టారూ. భోజనం మానేసి రాస్తున్నాను.

1973లో ఆవిడ ‘అవర్ లేడీ ఆఫ్ లేట్’ అని ఒకటి కట్టింది. వాద్యం ఏమిటంటే ఒక గాజు గ్లాసు. ద్రాక్షసారా తాగే కాడ గ్లాసు. తడి వేలితో అంచు చుట్టూ రాస్తే ఒకే స్వరం మోగుతూ ఉంటుంది. అదే ఆవిడ తంబూరా. దాని మీద గొంతు ఒక్కటే, చిన్న చిన్న భాగాలుగా. ఒక్కో భాగానికి ఒక్కో కట్టడి. ఒకదాంట్లో ముక్కుతో పలికే నాదమే, ఇంకోదాంట్లో ఊపిరి అంచుల మీద మాత్రమే. ఎత్తుకున్న కట్టడి దాటితే అది తప్పే. గ్లాసు శ్రుతి వెనక మోగుతూనే ఉంటుంది కాబట్టి తప్పు తప్పుగా వినపడుతుంది కూడా. ఫిడేలు ఆయన కనుబొమ్మ బదులు ఆ గ్లాసు ఉందనుకోండి.

అంటే వ్యాకరణం లేదని కాదు, ప్రతి పాటకూ ఆవిడే కొత్తగా రాసుకుంటుంది. దీన్ని మీరు ఒప్పుకోనక్కర్లేదు, అహంకారం అనవచ్చు కూడా. నాకూ కొన్ని పాటలు వినేసరికి ఆ వ్యాకరణం మరీ పలచనైపోయిందని అనిపిస్తుంది. 1980ల నాటి కొన్ని కీబోర్డు పాటలు అదే ముక్కను అరిగిపోయేదాకా తిప్పుతాయి. కానీ కట్టుబాటు లేదని మాత్రం అనలేం.

శ్రుతిపెట్టె | బుధవారం, మధ్యాహ్నం 3:10

గ్లాసు సంగతి నాకు తెలియదు. వింటాను. వినకుండా మాట్లాడటం నా తప్పే.

మాదాపూర్_మధ్యమం | బుధవారం, మధ్యాహ్నం 3:12

ఈ తేదీ రాసి పెట్టుకుంటున్నాను.

గొంతు_డాక్టర్ | బుధవారం, రాత్రి 9:45

మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను. చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిని. సికింద్రాబాద్‌లో ప్రాక్టీసు.

మామూలుగా మాట్లాడేటప్పుడే ఆడవాళ్ల స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కొట్టుకుంటాయి. తారస్థాయిలో ఆ లెక్క రెండు మూడు రెట్లు. అంటే శాస్త్రీయంగా పాడినా, వింతగా పాడినా అవి పడే పని తక్కువేమీ కాదు. నా దగ్గరికి కాయలు కాసిన గొంతులతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రయోగాలు చేసేవాళ్లు కారు. బడి పంతులమ్మలు, కూరగాయలు అమ్మేవాళ్లు, భజన బృందాల్లో మైకు లేకుండా పాడేవాళ్లు. కారణం ఒకటే, బిగబట్టి అరవడం.

అమ్మాయి చేసే శబ్దాల్లో నేను జాగ్రత్త చెప్పేవి రెండున్నాయి. ఒకటి, ఊపిరి లోపలికి పీల్చుతూ పాడటం. గాలి తేమ లేకుండా నేరుగా తంత్రుల మీద పడి ఎండిపోతాయి. రెండోది, గరగరమనే అడుగు స్వరం. టిబెట్ బౌద్ధ సన్యాసులు, తువా ప్రాంతం గాయకులు పలికే ఆ స్వరంలో అసలు తంత్రులకు పైన ఉండే మడతలు కూడా కదిలి, ఒక స్థాయి కింద నాదం వస్తుంది. నేర్చుకుని చేస్తే ప్రమాదం లేదు. వీడియో చూసి గొంతు నొక్కి చేస్తే ఉంది.

నీళ్లు బాగా తాగమనండి. సాధన తర్వాత గొంతు బొంగురు పోయి గంటలో సర్దుకుంటే సరే. మూడు వారాలకు మించి బొంగురు తగ్గకపోతే మాత్రం ‘మిరియాల కషాయంతో పోతుంది’ అని కూర్చోకుండా డాక్టరుకు చూపించండి. చిన్న గొట్టంతో రెండు నిమిషాల్లో లోపల చూసేస్తాం.

ఒకటి మాత్రం చెబుతాను. మంక్ 80 ఏళ్లు దాటాక కూడా వేదికల మీద పాడుతోంది. గొంతును పాడుచేసుకుంటూ అన్నేళ్లు పాడటం ఎవరి తరమూ కాదు.

ఒగ్గు_మనవడు | గురువారం, ఉదయం 7:15

నిన్న రాత్రి బస్సులో ఇదంతా చదువుతూ వచ్చాను. ఉప్పల్‌లో ఉంటాను, మా ఊరు జనగామ వైపు. మా తాత ఒగ్గుకథ చెప్పేవాడు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ.

సాహిత్యం లేని పాట గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒక సంగతి. కథ మొదలుపెట్టే ముందు తాత కాసేపు ఏమీ చెప్పేవాడు కాదు. ఎడమ అరచేయి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని ‘ఓ’ అని ఒకటే రాగం తీసేవాడు. డోలు కూడా ఆగేది. ఆ రాగం వంకర్లు తిరిగి, మధ్యలో రెండుగా చీలినట్టు వినిపించేది. పడుకున్న పిల్లలం లేచి కూర్చునేవాళ్లం. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ‘దాని అర్థం ఏమిటి తాతా’ అని అడిగితే, ‘అర్థం ఇంకా రాలేదు, దారిలో ఉంది, పిలుస్తున్నాను’ అన్నాడు.

నిన్న ‘డాల్మెన్ మ్యూజిక్’ రికార్డులో అదే పేరున్న పాట విన్నాను. ఆరుగురు కలిసి ఒకరినొకరు పిలుచుకున్నట్టు ఉంది. మా ఊళ్లో ఎవరికీ అది వింత అనిపించదు. హైదరాబాద్‌లో వింత అవుతుందేమో.

అదే రికార్డులో ‘ది టేల్’ అని ఉంది. ఒక ముసలమ్మ నవ్వుకుంటూ తన దగ్గర ఇంకా ఏమేమి మిగిలి ఉన్నాయో లెక్క చెప్పుకుంటుంది. అదొక్కటి ఇంగ్లీషు మాటలతో ఉంది. అది విని మాత్రం నవ్వు ఆగలేదు, మా నానమ్మ పెట్టె సర్దుతున్నట్టే ఉంది.

శ్రుతిపెట్టె | గురువారం, ఉదయం 7:40

నాయనా, మీ తాతగారి మాట మా గురువుగారు విని ఉంటే లేచి దండం పెట్టేవారు.

పద్మారావునగర్_అమ్మ | గురువారం, రాత్రి 8:30

అందరికీ ధన్యవాదాలు. డాక్టరుగారూ, నీళ్ల సీసా గదిలో పెట్టాను, కషాయం మానేయించాను.

కానీ రెండో ప్రశ్న దగ్గరికి ఎవరూ రావడం లేదు. నెల తిరిగేసరికి అద్దె, పాలు, కరెంటు ఉంటాయి కదా. ఆవిడ దీనితో బతికిందా లేదా?

లెక్కల_పద్దు | గురువారం, రాత్రి 10:00

డబ్బు అనగానే నేను వచ్చాను. సరదాగా కచేరీలు ఏర్పాటు చేస్తుంటాను, కాబట్టి ముందు మన ఊరి లెక్క.

నిరుడు బంజారాహిల్స్‌లో ఒక చిన్న ప్రాంగణంలో ఇలాంటి గాత్రమే ఒకటి పెట్టాం. టికెట్టు 300. వచ్చినవాళ్లు 41 మంది, అందులో గాయని బంధువులు తొమ్మిది మంది. మొత్తం 12,300. సౌండు మనుషులకు 6,500, అద్దె 2,500, టీలు, పోస్టర్లు 1,400. మిగిలిన 1,900 కవరులో పెట్టి గాయనికి ఇచ్చాను. ఆవిడ నవ్వి తీసుకుంది. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది. ఆవిడ పగలు ఒక బడిలో సంగీతం చెబుతుంది.

ఇప్పుడు మంక్ లెక్క. ఎవరో ఒకరు ఉద్యోగమిచ్చి పోషించలేదు. 1968లో ‘ది హౌస్’ అని సొంత బృందం పెట్టుకుంది. గోదాములాంటి పెద్ద గదుల్లో ఉంటూ అక్కడే సాధన, అక్కడే ప్రదర్శన. మొదటి రికార్డు ‘కీ’ వచ్చేసరికి 28 ఏళ్లు. గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ (పని సాగించుకోవడానికి ఇచ్చే డబ్బు) 1972లో ఒకసారి, 1982లో ఒకసారి. 1978లో గాత్ర బృందం. ఈసీఎం రికార్డు వచ్చేనాటికి 38. హ్యూస్టన్ ఒపెరా సంస్థ ‘అట్లాస్’ వేసింది 1991లో, అప్పటికి 48. మెకార్థర్ ఫెలోషిప్ 1995లో. ఒబామా చేతుల మీదుగా జాతీయ కళా పతకం అందుకున్నది 2015లో, 72వ ఏట. ఇటలీలోని వెనిస్ బియెన్నాలే కళోత్సవం వాళ్ల జీవిత సాఫల్య పురస్కారం, స్వర్ణ సింహం, 2025లో.

మీ అమ్మాయికి 24 అన్నారు. ఆ వయసుకు మంక్ చేతిలో పెద్ద పేరేమీ లేదు. న్యూయార్క్‌లో ఫెలోషిప్పులు ఇచ్చే సంస్థలు ఉన్నాయి, మనకు ఆ స్థాయిలో లేవు. అది దాచి లాభం లేదు. ఉద్యోగం ఇప్పుడే మానొద్దనే చెబుతాను. వారానికి నాలుగు రోజుల పని అడిగి చూడమనండి. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటున్నాయి.

ఆబిడ్స్_ఆదివారం | గురువారం, రాత్రి 10:40

పద్దుగారి లెక్కకు ఒక చేర్పు. ఆవిడ ఒక్క గొంతుకే అంటిపెట్టుకోలేదు. నాట్యం, నాటకం, సినిమా అన్నీ తనే కట్టింది. 1976లో ‘క్వారీ’ అనే ఒపెరా, యుద్ధకాలంలో జబ్బుపడి మంచం మీదున్న ఒక పిల్ల చుట్టూ తిరుగుతుంది. ‘ఎల్లిస్ ఐలండ్’, ‘బుక్ ఆఫ్ డేస్’ అని సినిమాలు తీసింది. కాబట్టి సంగీతం కచేరీలకు పిలవనివాళ్లు నాట్యోత్సవాలకు పిలిచారు, అక్కడ పిలవనివాళ్లు మ్యూజియాలకు పిలిచారు. ఏ అరలోనూ ఇమడకపోవడం వల్ల విమర్శకులకు తలనొప్పి, ఆవిడకు కూడు.

ఇదే దారిలో నడిచి వేరే లెక్క వేసుకున్నవాళ్లూ ఉన్నారు. కేథీ బెర్బేరియన్ (1925–1983) ఇతరులు రాసిన కొత్త సంగీతానికి గొంతునిచ్చింది. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ ‘ఆరియా’ రాసింది ఆవిడ కోసమే. తర్వాత 1966లో బొమ్మల కథల్లో వచ్చే దబ్ దుబ్ శబ్దాలన్నీ పేర్చి ‘స్ట్రిప్సోడీ’ అని సొంతంగా ఒకటి కట్టింది. ఇటలీలో డెమెట్రియో స్ట్రాటోస్ రాక్ బృందంలో పాడుతూనే ఒకేసారి రెండు స్వరాలు పలికించేవాడు. 1979లో జబ్బు చేసి 34 ఏళ్లకే పోయాడు. మనసు కష్టపెట్టే సంగతి, అంతకంటే రాయను.

మాదాపూర్_మధ్యమం | శుక్రవారం, ఉదయం 9:10

నాదో సలహా. అపార్టుమెంటు గదిలో పాడితే పై వాటావాళ్లే వింటారు. ఆదివారం పొద్దున్నే అమ్మాయిని గోల్కొండకు తీసుకెళ్లండి. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో బాలా హిసార్ మీద వినిపిస్తుందని అందరికీ తెలుసు. అందరూ చప్పట్లే కొడతారు, పాడి చూసినవాళ్లను నేను చూడలేదు.

శ్రుతిపెట్టె | శుక్రవారం, ఉదయం 9:30

కోటలో గంతులా, సంగీతమా?

ఆబిడ్స్_ఆదివారం | శుక్రవారం, ఉదయం 10:05

మాస్టారూ, మంక్ సరిగ్గా ఆ పనే చేసింది. 1969లో ‘జ్యూస్’. న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం లోపల శంఖంలా చుట్టూ తిరుగుతూ ఎక్కే వాలు దారి ఉంటుంది. ఆ దారి పొడవునా 85 మందిని నిలబెట్టి పాడించింది. భవనమే వాద్యం. అందులో మోర్సింగ్ లాంటిదీ ఉంది, మీకు నచ్చుతుంది. కొన్ని వారాల తర్వాత రెండో భాగం ఒక చిన్న నాటకశాలలో. మూడో భాగం ఆవిడ ఉండే గదిలో, అక్కడ పాడేవాళ్లే లేరు, వాళ్ల బట్టలు, సామాన్లు మాత్రం. చూడటానికి వచ్చినవాళ్లు మొదట దూరం నుంచి విన్న మనుషుల చెమట వాసన చివరికి చొక్కాల్లో చూశారు.

నిర్వాహకుడు | శుక్రవారం, ఉదయం 11:00

కోట ప్రవేశ రుసుము, పార్కింగ్ గురించి వచ్చిన ఏడు వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ సంగీతమే మాట్లాడుకుందాం.

శ్రుతిపెట్టె | శనివారం, ఉదయం 6:05

రెండు రోజులు విన్నాను. గ్లాసు పాటలు నాలుగు సార్లు. నచ్చిందని అనను. కానీ శ్రుతి శుద్ధంగా ఉంది. మన పిల్లలు ఎలక్ట్రానిక్ పెట్టె పక్కనే పెట్టుకుని కూడా అంత శుద్ధంగా నిలవరు.

ఒక సందేహం. ఈ పాటలకు స్వరలిపి ఉందా? ఆవిడ తర్వాత ఎవరు పాడతారు?

ఆబిడ్స్_ఆదివారం | శనివారం, ఉదయం 8:45

ఇది అడుగుతారని ఎదురు చూస్తున్నాను. చాలా ఏళ్లు లిపి లేదు. ఎదురుగా కూర్చోబెట్టి, తను పాడి, వాళ్ల చేత పాడించి నేర్పింది. బృందంలో కొందరు దశాబ్దాలుగా ఉన్నారు. వాళ్ల గొంతులను బట్టే పాటలు కట్టింది. 2000లో బూసీ అండ్ హాక్స్ అనే ప్రచురణ సంస్థ ముందుకు వచ్చాక లిపిలోకి దించడం మొదలైంది, అదీ ఆవిడ అంత ఇష్టపడి కాదు. కాగితం మీద స్వరం పడుతుంది, దాని వంపు పడదు అని బాధ.

అసలు పరీక్ష 2019లో వచ్చింది. ‘అట్లాస్’ను లాస్ ఏంజెలిస్ ఫిల్‌హార్మోనిక్ మళ్లీ వేసింది. దర్శకుడు యువల్ షారన్. ఆ పాట ఆవిడ వేదిక మీద లేకుండా, వేరేవాళ్ల దర్శకత్వంలో నిలబడగలదా అన్నది అప్పుడు తేలింది. టిబెట్‌కు వెళ్లిన అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ యాత్రల స్ఫూర్తితో కట్టిన ఒపెరా అది. మూడు అంకాలు, మాటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

2002లో ఆవిడ జీవిత సహచరి పోయింది. ఆ దుఃఖం తర్వాత కట్టిన ‘ఇంపర్మనెన్స్’ వినండి, 2008లో రికార్డుగా వచ్చింది. ఆవిడ బౌద్ధ సాధకురాలు, అందుకని ఆ పేరు. అనిత్యం. నేను మా అమ్మ పోయిన నెలలో అది విన్నాను. ఓదార్పు మాటలు చెప్పడానికి వచ్చినవాళ్లందరి కంటే ఆ మాటల్లేని పాటే నా దగ్గర ఎక్కువసేపు కూర్చుంది.

శ్రుతిపెట్టె | శనివారం, ఉదయం 9:00

అంటే గురుముఖతః నేర్చుకోవాలి, పాఠాంతరం, అదే గురువు పాడిన తీరు, కాపాడాలి. ఇన్ని రోజులూ ఈ ముక్క ముందు చెప్పకుండా కుక్కలు, కోటలు అన్నారు.

అమ్మా, అమ్మాయిని నా దగ్గరికి తీసుకురండి. ఆ శబ్దాలు నాకు చేతకావు. శ్రుతి మాత్రం చూసిపెడతాను. ఫీజు అక్కర్లేదు. నిర్వాహకుల ద్వారా ఫోను నంబరు పంపుతాను.

పద్మారావునగర్_అమ్మ | పదిహేను రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 9:20

ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి. జరిగినవి చెబుతాను.

ఉద్యోగం మానలేదు. నాలుగు రోజుల పని అడిగింది, పైవాళ్లు చూస్తామన్నారు. గోల్కొండ వెళ్లాం. గుమ్మటం కింద నిలబడి పాడుతుంటే కాపలా మనిషి ఈల వేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు, తీరా దగ్గరికొచ్చి మళ్లీ ఒకసారి పాడమన్నాడు. మాస్టారిగారి ఇంటికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మొహం మాడ్చుకుని వచ్చింది, కాబట్టి చదువు సరిగ్గానే సాగుతోందని అనుకుంటున్నాను.

నిన్న సాయంత్రం వంటింట్లోకి వచ్చి గాజు గ్లాసు అడిగింది. మా ఇంట్లో అన్నీ స్టీలు గ్లాసులే. అటక మీద మా పెళ్లికి వచ్చిన షర్బతు గ్లాసులు ఆరు ఉండాలి, నాలుగు దొరికాయి. బల్ల మీద పెట్టుకుని తడి వేలితో అంచు మీద రాస్తోంది, ఎంతకీ మోగదు. వేలు జారిపోతోంది. అంతకుముందే తలకు నూనె రాసుకుంది, ఇక మోగుతుందా? చింతపండు ముద్ద ఇచ్చి వేళ్లు రుద్దుకుని కడుక్కోమన్నాను. గ్లాసు అంచు కూడా చింతపండుతో తోమాను, ఇత్తడి చెంబు తోమినట్టు.

ఈసారి మోగింది. ముందు సన్నగా, ఎక్కడో పక్కింట్లో నుంచి వస్తున్నట్టు, తర్వాత బల్ల చెక్కలోకి కూడా దిగింది. గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి, వేలు తిరిగినవైపే చిన్న చిన్న గీతలు తిరుగుతున్నాయి. అది పాట ఎత్తుకుంది. నాకు చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ‘ఆగవే, గ్లాసు ఎక్కువ పలుకుతోంది, నువ్వు ఐదు శ్రుతిలో ఉన్నావు’ అన్నాను. నీళ్లు పోస్తే శ్రుతి దిగుతుంది కదా. చెంచాతో పోయడం మొదలుపెట్టాను. రెండు చెంచాలు, మూడు. నాలుగో చెంచాకు దిగువకు పోయింది, సగం తీసేశాను. పై షడ్జమం కుదిరింది.

అది పాడింది. ఎంతసేపో చూడలేదు. మధ్యలో దాని వేలు నొప్పిపుడితే నేను అందుకున్నాను. హాల్లో టీవీ శబ్దం తగ్గింది. పై వాటావాళ్లు మాత్రం ఇవాళ పొద్దున మళ్లీ వచ్చారు. ఈసారి అది ఏ వాద్యం అని అడిగారు.

మాదాపూర్_మధ్యమం | ఆదివారం, రాత్రి 9:31

అమ్మగారూ, చింతపండు కొత్తదా, పాతదా?

పద్మారావునగర్_అమ్మ | ఆదివారం, రాత్రి 9:34

పాతది నాయనా. ఉప్పు కలిపి దాచినది. కొత్తది పులుసుకు ఉంచాను.